రాతి ఎముకలు – వాటి పరిశోధకులు

ప్రదర్శనశాలకు పోయినప్పుడు మనము అద్దము వెనుకనున్న వస్తువును చూతుము, దాని పేరు చదువుదుము, ముందునకు సాగుదుము. ఆ వస్తువు అచ్చటికి ఎట్లు వచ్చినది, ఎవరి చేతులమీదుగా వచ్చినది, ఎన్నియేండ్లు పట్టినది అను ప్రశ్న సాధారణముగా తోచదు. హైదరాబాదులో నౌబత్ పహాడ్‌పైనున్న బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో ఒక మహాకాయము నిలిచియున్నది. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పొడవు సుమారు 9 మీటర్లు. పిల్లలు దాని ముందు నిలువగానే మొదట తలవంక చూతురు. విచిత్రమేమనగా, ఆ జంతువు తల దొరకనేలేదు. దొరికినవి రెండు పండ్లు మాత్రమే. మనకు కనబడు తల, దానికి దగ్గరి చుట్టములైన యితర జంతువుల తలలను బట్టి ఊహించి చేసినది. ఈ మాట తెలిసిన తరువాత ఆ అస్థిపంజరమును చూచుట వేరు, తెలియక చూచుట వేరు.

ఆ పేరులోనున్న కోట, యామన్‌పల్లి అనునవి ఏ దూరదేశపు నగరములును కావు. మన ప్రాణహిత ఒడ్డు పల్లెలు. మేము గోదావరిఖని వాసులము. మా వైపు బొగ్గుగనిని బాయి అందురు. షిఫ్టు దిగి, దీపము అప్పగించి, ఇల్లు చేరి, రేడియో పెట్టుకొనువారికి ఈ ప్రసంగము ముఖ్యముగా ఉద్దేశింపబడినది. ఎందుకనగా, ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలల శాస్త్రజ్ఞులు చేయు పని, బాయిలో జరుగు పనికి మనమనుకొన్నంత దూరమైనది కాదు. ఇద్దరును భూమి పొరలను చదివి బ్రదుకువారే. ఒకరు కరువు లెక్కల మీద కూలి పుచ్చుకొందురు, మరియొకరు మాసవేతనము మీద పనిచేయుదురు. తేడా పెక్కు చోట్ల అంతమాత్రమే.

గోదావరి, ప్రాణహిత నదులు పారు ఈ లోయ సామాన్యమైన లోయ కాదు. అతి ప్రాచీనకాలమున ఇచ్చటి భూమి వాయవ్యము నుండి ఆగ్నేయమునకు పొడవుగా బీటలు వారి, రెండు బీటల నడుమనున్న భాగము నెమ్మదిగా క్రుంగినది. క్రుంగినకొలది నదులు ఇసుకను, ఒండ్రును తెచ్చి నింపినవి. ఇట్లు కోట్లకొలది సంవత్సరములు సాగినది. అందువలన ఇరుప్రక్కల నున్న కఠిన శిలల నడుమ, పుస్తకములో పుటలవలె, పొరమీద పొర నిలిచియున్నది. అడుగున మంచుగడ్డలు మోసికొని వచ్చిన గుండ్రాళ్లు, వాటిపైన బొగ్గు, దానిపైన ఎర్రమట్టి రాళ్లు, ఆపైన కోట సున్నపురాళ్లు. రామగుండమున మనము త్రవ్వు బొగ్గు వయస్సు సుమారు 28 కోట్ల సంవత్సరములు. మలేరి గ్రామము చుట్టునున్న ఎర్రమట్టి పొరల వయస్సు సుమారు 22 కోట్లు. కోట రాళ్ల వయస్సు సుమారు 18 కోట్లు. గోదావరిఖని నుండి ప్రాణహిత వరకు పోయి వచ్చినవాడు, బస్సులోనే పదికోట్ల యేండ్లు ప్రయాణము చేసి వచ్చినట్లు లెక్క.

మొదట బొగ్గు సంగతి చెప్పుదము. బొగ్గే ఒక శిలాజము. దానిని శిలాజమని మనము తలపక పొయ్యిలో పెట్టుచున్నాము. బొగ్గుపొరకు కప్పుగానున్న నల్లని పలకరాతిని చీల్చినచో, నాలుకవంటి ఆకారముగల ఆకుల ముద్రలు కనబడును. నడుమ ఒక ఈనె, ఇరుప్రక్కల వలవంటి సన్నని ఈనెలు. ఈ ఆకునకు గ్లోసాప్టెరిస్ అని 1828లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు బ్రోన్యార్ పేరుపెట్టెను. గ్లోసా అనగా గ్రీకు భాషలో నాలుక. దక్షిణధ్రువము చేరి తిరిగివచ్చుచు 1912లో మంచులో ప్రాణములు విడిచిన కెప్టెన్ స్కాట్ బృందమువారి గుడారము వద్ద సుమారు 16 కిలోల రాళ్లు దొరికినవి. బండి లాగుటకు శక్తి లేని స్థితిలో కూడ వారు ఆ రాళ్లను పారవేయలేదు. అందులో ఈ ఆకే యున్నది. మన బాయి కప్పులోని ఆకు, అంటార్కిటికాలోని ఆకు ఒకటే అగుట వలన, ఈ భూభాగములన్నియు నొకప్పుడు కలిసియుండెనను వాదమునకు బలము చేకూరినది. ఆ మహాఖండమునకు గోండ్వానా యని పేరు. 1872లో మెడ్లికాట్ అను భూవిజ్ఞాన సర్వే అధికారి ఈ జాతి శిలలకు గోండుల సీమ పేరు పెట్టెను. ఆదిలాబాదు అడవులలోని గోండులు తమ పేరు అర్జెంటీనాలోను ఆస్ట్రేలియాలోను పాఠ్యపుస్తకములలో నున్నదని యెరుగుదురో లేదో.

ఈ ఆకులను వరుసపెట్టి వర్ణించినవాడు ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్. ఆయన బొహీమియా దేశస్థుడు, చదివినది వైద్యము. 1875లో కలకత్తాలోని భూవిజ్ఞాన సర్వేలో చేరి, 1883 వరకు పనిచేసెను. దేశము నలుమూలల నుండి పెట్టెలలో వచ్చిన ఆకురాళ్లను ఒక్కొక్కటిగా విప్పి, కొలిచి, బొమ్మ వేయించి, గోండ్వానా వృక్షసంపదపై పెద్ద సంపుటములు వెలువరించెను. నలుబదిమూడేండ్లయినను నిండకుండ మరణించెను. నేటికిని ఎవరైన గ్లోసాప్టెరిస్ ఆకును క్రొత్తదని చెప్పదలచిన, మొదట ఫైస్ట్‌మాంటెల్ బొమ్మలతో పోల్చి చూడవలసినదే.

ఆకు కంటికి కనబడును. పుప్పొడి కనబడదు. లక్నోలో బీర్బల్ సాహ్నీ 1946లో స్థాపించిన పురావృక్షశాస్త్ర సంస్థ కలదు. 1949 ఏప్రిల్ 3వ తేదీన నెహ్రూ దాని భవనమునకు శంకుస్థాపన చేసెను; వారమునకే, 10వ తేదీన, సాహ్నీ మరణించెను. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు రామగుండము మొదలు గోదావరి లోయలోని బోర్ల నుండి తీసిన రాతి కడ్డీలను పరిశీలించియున్నారు. వారి పని యెట్లుండునో చెప్పుట యవసరము. సింగరేణివారు బొగ్గు వెదకుటకు బోరు వేసినప్పుడు గుండ్రని కడ్డీ రూపమున రాయి పైకి వచ్చును. అందుండి ఏ లోతున తీసినదో గుర్తుపెట్టి, పిడికెడు ముక్కను దీసికొందురు. దానిని నలిపి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లములో నానవేయుదురు. ఈ ఆమ్లము గాజును తినివేయును. కనుక ప్లాస్టిక్ పాత్రలలోనే యుంచవలెను. చర్మముపై పడిన ఎముక వరకు పోవును. తరువాత నత్రికామ్లము, ఆపైన క్షారము, పిమ్మట సన్నని జల్లెడ. ఇంతచేసిన తరువాత అడుగున మిగులు చెంచాడు ధూళిలో పుప్పొడి రేణువులుండును. ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదవవంతు కంటె చిన్నది. ఇరువైపుల గాలితిత్తులు, నడుమ చారలు గల రేణువులు అందు విస్తారము. శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి, ఒక్కొక్క పలకమీద రెండువందల రేణువులను లెక్కించి, ఏ జాతి యెన్నియో వ్రాసికొనును. మరల రెండవ పలక. మరల మూడవది. ఇది ఒక దినము పని కాదు. నెలలు, సంవత్సరములు ఇట్లే గడచును.

ఇందువలన లాభమేమి యని బాయి మనుష్యుడు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. చూచుటకు ఇసుకరాళ్లన్నియు ఒక్కటే. బోరు ఇంకను బొగ్గుపొరలకు పైననే యున్నదా, లేక బొగ్గుండు పొరలను దాటి క్రిందికి పోయినదా యని రాయి రంగును బట్టి చెప్పుట కష్టము. పుప్పొడి జాతుల పాళ్లు చూచినచో తెలియును. ఒక్కొక్క కాలమునకు ఒక్కొక్క మిశ్రమము. అదే లెక్కతో ఈ శాస్త్రజ్ఞులు మరియొక పెద్ద విషయమును కూడ వెదకుచున్నారు. సుమారు 25 కోట్ల 20 లక్షల సంవత్సరముల క్రిందట భూమిపైని ప్రాణిజాతులలో అధికభాగము నశించినది. గ్లోసాప్టెరిస్ అడవులు కూడ అప్పుడే అంతరించినవి. ఆ మహానాశనపు గీటు గోదావరి లోయ బోర్లలో ఏ లోతున పడినదో పుప్పొడి మారుటను బట్టి గుర్తింపవలసియున్నది. ఒక బోరు కడ్డీ రెండు పనులకు వచ్చినది. కంపెనీకి బొగ్గు, శాస్త్రమునకు చరిత్ర.

ఎముకల కథ ఇంతకంటె పాతది. పంతొమ్మిదవ శతాబ్దము నడుమనే కోట సున్నపురాళ్లలో మెరయుపొలుసుల చేపలు దొరికి లండను చేరినవి. నాగపూరులో నుండిన స్కాట్లండు మతబోధకుడు స్టీఫెన్ హిస్లాప్‌కు రాళ్లు సేకరించు అలవాటుండెను. మలేరి ఎముకలను పండితులకు పంపిన తొలివారిలో ఆయన యొకడు. 1863లో ఒక వాగు దాటుచు ఆయన మునిగి మరణించెను. మలేరిలో దొరికిన మొసలివంటి జంతువునకు ఆయన పేర పారాసూకస్ హిస్లోపి యని 1885లో లైడెక్కర్ పేరుపెట్టెను. భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ ఈ లోయయంతయు కాలినడకను, గుర్రముమీదను తిరిగి పటము వ్రాసెను. ఇల్లెందు వద్ద బొగ్గును 1871లో కనుగొన్నది ఆయనయే. దాని ఫలితముగా 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడినది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ యైనది. 1945లో నిజాము ప్రభుత్వము అధిక వాటాలు కొన్నది. బొగ్గుపొరలలో నొకదానిని నేటికిని కింగ్ సీము అందురు. ఆ కింగ్ ఎవరో ఆ పొరలో చెమటోడ్చినవారిలో ఎందరికి తెలియును? ఒక రాజు పేరనుకొనువారే మెండు.

తరువాత చాలకాలము ఈ ఎముకలను పట్టించుకొన్నవారు స్వల్పము. 1957లో మార్పు వచ్చినది. కలకత్తాలో భారత గణాంక సంస్థను నడపుచున్న మహలనోబిస్, లండను యూనివర్సిటీ కళాశాలలో సరీసృప శిలాజములను పరిశోధించుచున్న పామెలా లాంప్లూ రాబిన్సన్ అను విదుషీమణిని ఆహ్వానించెను. గణాంకశాస్త్ర సంస్థకు ఎముకలతో నేమిపని యని నవ్వినవారు లేకపోలేదు. కాని మహలనోబిస్‌కు కొలతగల విషయమంతయు గణాంకమే. ఆ సంస్థలో భూవిజ్ఞాన విభాగ మేర్పడినది. జైన్, కుట్టి, రాయ్ చౌదరి, శంకర్ చటర్జీ మొదలగు యువకులు ప్రాణహిత, గోదావరి తీరములకు బయలుదేరిరి. మా అభిప్రాయమున, మన సీమ చరిత్రలో ఇంత గొప్ప సంఘటన ఇంత నిశ్శబ్దముగా మరియొకటి జరుగలేదు.

వారు చేసిన పని యెట్టిది? పొలములలో, వాగుల ఒడ్డున, గడ్డి మొలవని ఎర్రమట్టి గుట్టలపై వంగి నడచుట. వాన కడిగిన నేలమీద ఎముక తునుక కనబడిన, అది ఏ గట్టునుండి జారినదో వెనుకకు వెదకుకొనుచు పోవుట. రాయి ఏది, ఎముక ఏది? ఎముక రాయిగా మారినను లోపలి సన్నని రంధ్రములు నిలిచియుండును. నాలుకకు తగిలించిన కొన్ని ఎముకలు అంటుకొనును. ఇది నవ్వులాట మాట కాదు, ఈ విద్యలో పాతకాలపు పరీక్ష. ఎండలు ముదురక మునుపే, పంటలు తీసిన తరువాత, అనగా శీతకాలములోనే ఈ పని సాగును. గుడారములలో నివాసము, బావినీరు, ఊరివారే కూలీలు.

1958లో సిరొంచ తాలూకా పోచంపల్లి వద్ద తొలి యెముకలు బయటపడినవి. సిరొంచ నేడు మహారాష్ట్రలోని గడ్‌చిరోలి జిల్లాలో చేరియున్నను అచ్చట ఇండ్లలో మాటలాడునది తెలుగే. 1960, 1961 సంవత్సరములలో పెద్ద త్రవ్వకము జరిగినది. సుమారు 276 చదరపు మీటర్ల స్థలములో దాదాపు 300 ఎముకలు, వాటి నడుమ రాళ్లయిన పెద్ద చెట్ల మ్రాకులు. ఎముకలను లెక్కించి చూడగా కనీసము ఆరు జంతువులవి. ఒక మంద వరదలో చిక్కుకొని, చెట్లతోపాటు కొట్టుకొనిపోయి, నీరు నెమ్మదించిన చోట ఆగినదని భావింపబడుచున్నది. తేలికయైన పుర్రెలు ఇంకను క్రిందికి పోయినవి కాబోలు, ఒక్కటియు దొరకలేదు. తొడ ఎముక ఒకటి సుమారు 1.7 మీటర్లు. అనగా నిలువెత్తు మనిషికి సమానము. దానిని చూచియే బడా పా, అనగా పెద్దకాలు, అను మాట పుట్టినది. 1961 రవీంద్రనాథుని శతజయంతి సంవత్సరము. కనుక ఆ జంతువు బారాపాసారస్ టాగోరై యైనది. తెలుగు నేలపై, తెలుగు కూలీల గడ్డపారల క్రింద దొరికిన జంతువునకు వంగభాషలో కాలు, వంగకవి పేరు దక్కినవి. మనకు కొంచెము అసూయ కలిగిన తప్పులేదు. కాని దొరికిన దానిని కాపాడినవారు వారే.

ఎముకను నేలనుండి లేపుట యెట్లు? గట్టిగా కనబడు ఎముక లోపల వేయి బీటలు వారియుండును. చేతితో లేపిన పొడిపొడి యగును. కనుక చుట్టునున్న మట్టిని కత్తితో, కుంచెతో తొలగించి, బీటలలోనికి జిగురు పోసి, పైన తడికాగితము పరచి, దానిమీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెపట్ట పీలికలను చుట్టుదురు. విరిగిన చేతికి వైద్యుడు పిండికట్టు కట్టినట్లే. పై భాగము ఎండిన తరువాత అడుగున త్రవ్వి, తిరుగవేసి, రెండవ వైపు కట్టుదురు. మూటపై సంఖ్య వ్రాయుదురు. ఏ ఎముక ఏ దిక్కుగా, ఏ ఎముకకు ఎంత దూరమున పడియుండెనో చదరములు గీసిన పటములో గుర్తింతురు. ఆ పటమే పోయినచో ఎముక సగము విలువ కోల్పోవును. బజారులో శిలాజమును కొని బల్లపై నుంచుకొనువారికి ఈ సంగతి తెలియదు. ఎచ్చట దొరికినదో తెలియని ఎముక, చిరునామా లేని ఉత్తరము వంటిది.

మూట కలకత్తా చేరిన తరువాతనే అసలు పని మొదలగును. పిండికట్టును కోసి, ఎముకను అంటియున్న రాతిని సూదులతో, సన్నని ఉలులతో ఇంచుకించుకగా తీయవలెను. సున్నపురాయి యైనచో పలుచని వెనిగరు ఆమ్లములో ముంచి, కడిగి, ఆరబెట్టి, మరల ముంచవలెను. ఒక వెన్నుపూసకు కొన్ని వారములు పట్టుట సామాన్యము. ఈ పని చేయువారి పేరు పుస్తకముల అట్టమీద కనబడదు. తరువాత కొలతలు, చిత్రములు, దేశదేశముల ప్రదర్శనశాలలలోని ఎముకలతో పోలిక. ఇన్ని పూర్తియై బారాపాసారస్‌పై తొలి శాస్త్రీయ వర్ణన జైన్, కుట్టి, రాయ్ చౌదరి, చటర్జీల పేర వెలువడినది 1975లో. కూర్చిన అస్థిపంజరము కలకత్తా సంస్థలోని భూవిజ్ఞాన ప్రదర్శనశాలలో నిలిచినది. ఎముక ఎముకగా సంపూర్ణ వర్ణన వేరొక తరమువారు 2010లో ప్రకటించిరి. నేలనుండి లేపిన నాటికి, పూర్తిగా చదివిన నాటికి నడుమ అర్ధశతాబ్దము.

ప్రాణహితకు ఈవల ఒడ్డున జరిగిన పని మన హైదరాబాదు వారిది. 1970 దశకము చివర భూవిజ్ఞాన సర్వేకు చెందిన పి. యాదగిరి, ఆనాటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి సమీపమున త్రవ్వకములు నడపిరి. సుమారు 2,400 చదరపు మీటర్ల స్థలములో 840 ఎముకలు. కనీసము పన్నెండు జంతువులవి. వీటిని పొందికగా అమర్చి, బారాపాసారస్ కాదని, దానికంటె వేరైన జాతియని నిరూపించి 1988లో ఆయన పేరు ప్రకటించెను. సవిస్తర వర్ణన 2001లో వెలువడినది. మొదట చెప్పిన తలలేని మహాకాయము ఇదియే.

పెద్ద జంతువులకు పేరు వచ్చును. చిన్నవాటికి శ్రమ యెక్కువ. కోట పొరలలో ఆదికాలపు స్తన్యజంతువులుండవలెనని శాస్త్రజ్ఞులు తలచిరి. అవి ఎలుకంత ప్రాణులు. దొరికిన దొరుకవలసినది ఒక పన్ను మాత్రమే. అదియు రెండు మూడు మిల్లీమీటర్లది. పద్ధతి యేమనగా, మట్టిని ఎండబెట్టి, నీటిలో నానబెట్టి, జల్లెడలలో కడుగుట; మిగిలిన నలుసును భూతద్దము క్రింద ఒక్కొక్క రేణువుగా చూచుట. బియ్యములో రాళ్లు ఏరు గృహిణులకు ఈ పని బోధపడును. బస్తాలకొలది బియ్యములో ఒక్క రాయి యున్నదని, అదికూడ తెల్లనిదని అనుకొనుడు. ఇట్టి శ్రమ ఫలితముగా 1981లో దత్తా అను శాస్త్రజ్ఞుడు ఒక పంటిని ఆధారము చేసికొని కోటాథీరియం హాల్డేనై అను జంతువును ప్రకటించెను. 1957లో ఇంగ్లండు విడిచి వచ్చి, పిమ్మట ఈ దేశ పౌరుడై, ఇచ్చటనే కన్నుమూసిన జె.బి.యస్. హాల్డేన్ స్మారకముగా ఆ పేరు. భారతదేశములో డైనోసారుల కాలమునాటి స్తన్యజంతువు దొరకుట అదియే ప్రథమము. వెన్నుపూసల గుట్టకంటె ఆ పన్నే విలువైనదని మేము భావింతుము.

మలేరి ఎర్రమట్టిలో మరియొక వింత యున్నది. పారాసూకస్ అస్థిపంజరములు రెండు జతగా దొరికినవి. చటర్జీ వాటిని శుభ్రపరచుచుండగా పొట్టలుండవలసిన తావున వేరే చిన్న జంతువుల ఎముకలు కనబడినవి. అవి మ్రింగబడిన జంతువులు. వాటికి మలేరిసారస్ రాబిన్సనే అని 1980లో నామకరణము జరిగినది. రాబిన్సన్ విదుషి పేరు అట్లు మన మలేరి పేరుతో కలిసినది. ఆహారమై పోయినందువలననే ఆ ప్రాణి మనకు దక్కినది.

ఇక సొరుగుల సంగతి. ప్రదర్శనశాలలో మనము చూచునది నూటిలో ఏ నాలుగైదు వస్తువులో. తక్కినవి లోపలి గదులలో సొరుగులలో నుండును. వాటిని చూచి, ఇవి మూలపడినవని కొందరు నిందింతురు. ఈ నింద సరియైనది కాదని చెప్పుటకు మన సీమయే సాక్ష్యము. కుట్టి మొదలగువారు దశాబ్దముల క్రిందట ప్రోగుచేసిన ఎముకల నుండి 2007లో లాంప్లూసారా ధర్మారామెన్సిస్, ఆ పిమ్మట జక్లపల్లిసారస్, నంబాలియా అను డైనోసారులు పేరు పొందినవి. ధర్మారము, జక్లపల్లి, నంబాల! పంచాయతి కచేరీ దాటి పేరు వినబడని పల్లెలు ప్రపంచ శాస్త్రగ్రంథములకెక్కినవి. 2025లో మరియొక మాంసాహారి డైనోసారు ప్రకటింపబడినది. పేరు మలేరిరాప్టర్ కుట్టియై. సేకరించినవారి పేరే దానికి పెట్టిరి. అర్జెంటీనాలోను బ్రెజిలులోను దొరకు పురాతన కుటుంబమునకు అది చెందినది. ఆ కుటుంబము కొంతకాలము ఇచ్చట కూడ నిలిచియుండెనని దానివలన తెలిసినది. ఆ ఎముకను సేకరించిన దినముననే దాని విలువ తెలియలేదు. తెలియుటకు కావలసిన ఇతర ఎముకలు అప్పటికి లోకములో చాలినన్ని లేవు. సొరుగులో నిద్రించినది, పోలిక దొరకగా మేల్కొన్నది.

ఇప్పుడు మా ఊరి మాటకు వత్తుము. భూగర్భ గనిలో కార్మికుడు కప్పు క్షేమముగా నున్నదో లేదో తెలిసికొనుటకు ఇనుపకడ్డీతో తట్టి శబ్దము వినును. ఖంగుమన్న మంచిది, డొల్లగా పలికిన ప్రమాదము. ఆ తట్టునప్పుడు దీపపు వెలుగులో ఆకులు కనబడును. మావైపు పాతకార్మికులు అనేకులు వీటిని చూచియున్నారు. ఓపెన్‌కాస్టు గనులు వచ్చిన తరువాత పరిస్థితి మారినది. పెద్ద యంత్రము ఒక్క తోడులో కొండంత మట్టిని ఎత్తి ఓబీ గుట్టపై పోయును. చూచుటకు మనిషికి వ్యవధి లేదు. చూచినను యంత్రమును ఆపుట గంటకు ఇంతయని నష్టము. అట్లయినను రామగుండము ప్రాంతములోని మేడిపల్లి ఓపెన్‌కాస్టు గనిలో స్టెగొడాన్ అను ప్రాచీన గజజాతి దంతములు మొదలగు శిలాజములు దొరికినవి. ఇవి బొగ్గు వయస్సువి కావు. బొగ్గుతో పోల్చిన నిన్నమొన్నటివి. వాటిని పోగొట్టక కాపాడి, హైదరాబాదు ప్రదర్శనశాలలకు చేర్చిరి. యంత్రముపై నున్నవాడు ఒక క్షణము ఆగినందువలన మిగిలినవి అవి. ఆగనందువలన పోయినవి ఎన్నియో లెక్క చెప్పగలవారు లేరు.

బొగ్గు త్రవ్వక తప్పదు. ఈ సీమలో వేలాది ఇండ్ల పొయ్యిలు దానివలననే వెలుగుచున్నవి. దానిని కాదనుట మా ఉద్దేశము కాదు. పైగా, గని త్రవ్వనిచో ఆ పొరలను ఎవరును చూడకయే యుందురు. శాస్త్రజ్ఞునకు కావలసిన లోతును కోట్ల రూపాయలు వెచ్చించి కంపెనీయే త్రవ్వుచున్నది. అయితే తెరచిన పుట మరల మూతపడుటకు వ్యవధి స్వల్పము. బొగ్గు తీయుట పూర్తికాగానే గొయ్యిని మట్టితో నింపుదురు, లేదా నీరు నిలుచును. కలకత్తా నుండియో లక్నో నుండియో శాస్త్రజ్ఞుడు ఉత్తరము చూచుకొని బయలుదేరి వచ్చునప్పటికి ఆ బెంచి యుండదు. ఈ కారణముచేత ప్రదర్శనశాల మొదటి ఉద్యోగి, జీతము పుస్తకములో పేరున్నను లేకున్నను, గనిలో నున్నవాడే. లండను, కలకత్తా, హైదరాబాదు నగరములకు మన ఎముకలు తరలిపోయినవని నొచ్చుకొనువారున్నారు. ఆ నొప్పి మాకును కలదు. బొగ్గుతోపాటు దొరికిన ఆకును, దంతమును మా పిల్లలు మా ఊరిలోనే చూడగల చోటు చక్కగా ఉండవలెనని మా కోరిక. కాని వస్తువు ముందు దక్కవలెను. ఎచ్చట నిలుపవలెనను తగవు తరువాతది.

కనుక గనిలోగాని, పొలములోగాని, వాగు గట్టునగాని ఎముకవంటి రాయి, ఆకుముద్ర, రాతిమ్రాను కనబడినవారు దానిని నీటితో కడుగరాదు. సుత్తితో కొట్టి నాణ్యము చూడరాదు. విరిగిన తునుకలను పారవేయరాదు. వీలైనచో ఉన్నచోటనే విడిచి, ప్రక్కన ఒక కర్రనో కొలబద్దనో పెట్టి ఛాయాచిత్రము తీయవలెను. తీయక తప్పని స్థితియైన, గని పేరు, బెంచి లేక సీము సంఖ్య, పైకప్పునుండి ఎంత లోతు, తేది యను నాలుగు మాటలు కాగితముపై వ్రాసి, వస్తువుతోపాటు అదే గుడ్డలో చుట్టవలెను. తరువాత గని మేనేజరుకు గాని, గని భూగర్భశాస్త్రజ్ఞునకు గాని తెలుపవలెను. పొలములో దొరికినచో హైదరాబాదు బండ్లగూడలోని భూవిజ్ఞాన సర్వే కార్యాలయమునకు ఒక ఉత్తరము వ్రాసిన చాలును. కాగితమును మరువరాదు. రాయి విరిగిన అతుకవచ్చును. కాగితము పోయిన మరల వ్రాయుటకు వీలుండదు.